పాస్ అవ్వడానికి 12 చాలు... మరి ఆ ఎనిమిది?

మాదాపూర్, కొండాపూర్ పీజీల్లో ఎల్ఎల్ఆర్ మాటెత్తితే చాలు, ఒకటే డైలాగ్ వినిపిస్తుంది. "దానికి చదవడమేంటి మామా? యాప్‌లో రెండు మాక్ టెస్టులు కొట్టు, వెళ్లి రాసెయ్, అయిపోద్ది."

నిజమే, అయిపోద్ది. మన ఆర్టీఏ ఆఫీసుల్లో ఇన్నాళ్లుగా నడుస్తున్న పద్ధతిలో 20 ప్రశ్నలకి 12 కరెక్ట్ అయితే పాస్. కేంద్ర నిబంధన అడిగేది కూడా కనీసం 60 శాతమే. సెమిస్టర్లు, కోడింగ్ రౌండ్లు, హెచ్ఆర్ ఇంటర్వ్యూలు దాటుకుని హైటెక్ సిటీకి వచ్చినవాళ్లకి ఇదో పరీక్షా అనిపిస్తుంది.

కానీ ఒక్కసారి లెక్క తిప్పి చూడండి. 12 కరెక్ట్ అంటే 8 తప్పు. ఆ ఎనిమిదిలో ఒకటి పసుపు లైట్ గురించి కావచ్చు, ఇంకోటి అంబులెన్స్ గురించి కావచ్చు. జీబ్రా క్రాసింగ్ దగ్గర ఏం చెయ్యాలన్నదీ అందులోనే ఉండొచ్చు. అవి తెలియకపోయినా స్క్రీన్ మీద 'పాస్' అనే వస్తుంది. మర్నాడు మీరు బండి తీసేది మాత్రం మైండ్‌స్పేస్ జంక్షన్‌లోకి, సాయంత్రం ఆరున్నరకి.

బ్రిటన్‌లో ఇదే థియరీ పరీక్షకి 50 ప్రశ్నలు ఇస్తారు. 43 కరెక్ట్ అయితేనే పాస్. పైగా వీడియో క్లిప్పులు చూపించి, ప్రమాదం ఎక్కణ్ణుంచి రాబోతోందో గుర్తుపట్టమంటారు. మన దగ్గర గీత కింద ఉంది కాబట్టి, మిగతా భాగం మనమే చదువుకోవాలి. వారం రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు పెడితే అయిపోయే పని. ఎలాగో చూద్దాం.

ముందు పరీక్ష సంగతి

పద్దెనిమిదేళ్లు నిండితే కారుకీ, గేర్ల బైకుకీ ఎల్ఎల్ఆర్ తీసుకోవచ్చు. "పదహారుకే స్కూటీకి ఇస్తారంట కదా?" అని ఇంటర్ పిల్లలు అడుగుతుంటారు. ఇస్తారు గానీ, అది 50 సీసీ లోపు, గేర్లు లేని బండికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల అంగీకారంతో. ఇప్పుడు రోడ్డు మీద కనిపిస్తున్న స్కూటీలు దాదాపు అన్నీ 110, 125 సీసీవి. అవి ఆ లెక్కలోకి రావు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల మీదా ఇలాంటి అపోహే ఉంది. మోటార్ 250 వాట్లు దాటకుండా, వేగం గంటకి 25 కిలోమీటర్లలోపే ఉండే చిన్న బండ్లకి మాత్రమే లైసెన్స్ అక్కర్లేదు. ఆఫీసులకి వేసుకెళ్లే స్పీడ్ ఎలక్ట్రిక్ స్కూటర్లు మామూలు బండ్ల కిందే లెక్క.

మైనర్‌కి బండి ఇచ్చిన ఇంట్లోవాళ్ల పరిస్థితి కూడా తెలుసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. నడిపిన పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో తాళం అడిగితే ఈ పాతికేళ్ల ముక్క చెప్పండి, బాగా పనిచేస్తుంది.

సొంతూరు ఖమ్మమైనా కరీంనగరైనా, ఉండేది కొండాపూర్ పీజీలో అయితే ఎక్కడ అప్లై చెయ్యాలి? సవరించిన చట్టం ప్రకారం మీరు ఉంటున్న రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ ఆఫీసులోనైనా చేసుకోవచ్చు. ఎల్ఎల్ఆర్ దేశమంతా చెల్లుతుంది. అడ్రస్ ప్రూఫ్, వయసు ప్రూఫ్ ఏవేవి అడుగుతున్నారో మాత్రం స్లాట్ బుక్ చేసే ముందే చూసుకోండి. బైక్, కారు రెండూ నేర్చుకునే ఉద్దేశం ఉంటే ఒకే అప్లికేషన్‌లో రెండూ టిక్ చెయ్యండి, మళ్లీ తిరగక్కర్లేదు.

ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 11వ రూల్ నాలుగు విషయాలు చెప్పింది. ఒకటి, ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు. రెండు, యాక్సిడెంట్ జరిగితే డ్రైవర్ ఏం చెయ్యాలి. మూడు, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు. నాలుగు, బండిలో ఉండాల్సిన కాగితాలు. సిలబస్ అంతా ఇంతే.

ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌లని నమ్ముకోకండి. రోడ్డు నియమాలు 2017లో కొత్తగా వచ్చాయి, జరిమానాలు 2019లో మారాయి. లైసెన్స్ లేకుండా నడిపితే రూ.500 అని రాసున్న పీడీఎఫ్ కనిపిస్తే పక్కన పడెయ్యండి. ఇప్పుడు చట్టంలో ఉన్నది రూ.5,000.

బోర్డుల్ని బట్టీ పట్టకండి, ఆకారం చూడండి

చాలామంది బొమ్మల్ని ఒక్కోటిగా గుర్తుపెట్టుకోవాలని చూసి, యాభైకి వచ్చేసరికి అలసిపోతారు. అంత కష్టం అక్కర్లేదు. ఆకారంలోనే సగం జవాబు ఉంటుంది.

గుండ్రంగా ఉంటే ఆజ్ఞ. ఎర్ర అంచు గుండ్రమైతే 'ఇది చెయ్యొద్దు' అనో, 'ఇంతకు మించొద్దు' అనో చెబుతున్నట్టు. నీలం గుండ్రమైతే 'ఇది చెయ్యాల్సిందే' అని: ఎడమకే తిరగాలి, హారన్ కొట్టాలి, ఇలా. ఎర్ర అంచు త్రికోణమైతే ముందు ఏదో ఉంది, జాగ్రత్త అని: మలుపు, స్కూల్, ఇరుకు బ్రిడ్జి. నీలం దీర్ఘచతురస్రమైతే సమాచారం: హాస్పిటల్, పెట్రోల్ బంక్, పార్కింగ్.

ఈ లెక్కకి లొంగనివి రెండున్నాయి. ఎనిమిది మూలల 'స్టాప్', తలకిందులుగా ఉండే త్రికోణం 'దారి ఇవ్వండి'. వాటికి వేరే ఆకారాలు ఎందుకో ఆలోచించండి. దుమ్ము పట్టి అక్షరాలు కనపడకపోయినా, వెనక నుంచి చూసినా, ఆకారాన్ని బట్టే అదేంటో తెలిసిపోవాలి. కారణం తెలిసిన బోర్డుని మర్చిపోవడం కష్టం.

పరీక్షలో ఎక్కువమంది తడబడేది 'నో పార్కింగ్', 'నో స్టాపింగ్' దగ్గర. ఒకే అడ్డగీత ఉంటే పార్క్ చెయ్యకూడదు. గుణకారం గుర్తులా రెండు గీతలుంటే అసలు ఆపనే కూడదు. "ఇంజిన్ ఆన్‌లోనే ఉంది అన్నా, డ్రాపింగే" అన్న మాట రెండో దాని దగ్గర చెల్లదు. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీ కోసం బండి పక్కకి తీసేవాళ్లని చూస్తే ఈ బోర్డు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. వెనక వచ్చేవాడు బ్రిడ్జి మీద బండి ఆగి ఉంటుందని ఊహించడు.

రోడ్డు మీది గీతలూ సిలబస్సే. మధ్యలో తెల్లగీత ముక్కలు ముక్కలుగా ఉంటే, ఖాళీ చూసుకుని దాటొచ్చు. పసుపు గీత తెగకుండా ఉంటే దాటకూడదు. జంక్షన్ మధ్యలో పసుపు గళ్లు గీసి ఉంటే, అవతలి వైపు మీ బండికి చోటుందని తేలాకే అందులోకి దిగాలి. గ్రీన్ పడింది కదా అని దిగి మధ్యలో ఇరుక్కుపోతే నాలుగు వైపులా జామ్. ఐటీ కారిడార్‌లో సాయంత్రం జామ్‌లలో ఇరుక్కున్నవాళ్లకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు.

'40' అనే బోర్డు వెనక కథ

స్పీడ్ లిమిట్ ప్రశ్న చాలా తేలిక. ఎర్ర గుండ్రంలో 40 అని ఉంటే నలభై దాటకూడదు. ఎవరైనా పెట్టేస్తారు. దాని బరువెంతో తెలియాలంటే బయోడైవర్సిటీ జంక్షన్ దాకా వెళ్లాలి.

అక్కడి రెండో అంతస్తు ఫ్లైఓవర్‌ని 2019 నవంబర్ 4న తెరిచారు. మూడు వారాలు కూడా కాకముందే, నవంబర్ 23న, ఒక కారు మలుపులో అదుపు తప్పి రెయిలింగ్ దాటి కింద రోడ్డు మీద పడింది. కింద ఉన్న ఒక మహిళ చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. అక్కడ అనుమతి గంటకి 40 కిలోమీటర్లు. పోలీసులు తేల్చిన కారు వేగం వందకి పైనే. ఫ్లైఓవర్ మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

చనిపోయిన ఆమె బండి నడపడం లేదు. ఆ ఫ్లైఓవర్ మీద కూడా లేదు.

లెక్కలు వచ్చినవాళ్లే కదా, ఇది చూడండి. గంటకి 40 అంటే సెకనుకి 11 మీటర్లు. వంద అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేక్ మీదకి వెళ్లడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆలోపే బండి అంత దూరం పోయి ఉంటుంది. ఆ తర్వాత బ్రేక్ పడి ఆగడానికి పట్టే దూరం వేగంతోపాటు మామూలుగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెండు రెట్లయితే ఆ దూరం నాలుగు రెట్లు. నలభై నుంచి వందకి వెళ్తే ఆరు రెట్ల పైమాటే.

ఫోన్ సంగతీ ఇంతే. నలభైలో వెళ్తూ రెండు సెకన్లు మ్యాప్ చూశారంటే 22 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టు. ఓటీపీ మెసేజ్ చదవడానికి కూడా రెండు సెకన్లు పడుతుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అంటే రోజుకి 460 మందికి పైనే. వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. ఎల్ఎల్ఆర్ కోసం స్లాట్ బుక్ చేసుకుంటున్న మనలో చాలామంది ఎక్కబోయేది కూడా టూవీలరే.

ముందు ఎవరు వెళ్లాలి?

ప్రశ్నల బ్యాంకులో పెద్ద వాటా ఈ ఒక్క విషయానిదే. రోడ్డు మీద గొడవల్లోనూ పెద్ద వాటా దీనిదే.

జీబ్రా క్రాసింగ్ దగ్గర మనుషులు దాటడానికి నిలబడి ఉన్నారు. మీరేం చేస్తారు? హారన్ కొట్టి వెళ్లిపోవడం, స్లో చేసి హారన్ కొట్టి వెళ్లడం, ఆపి వాళ్లు దాటాక వెళ్లడం. మూడో ఆప్షనే కరెక్ట్ అని అందరికీ తెలుసు. మరి రాయదుర్గం మెట్రో దిగి రోడ్డు దాటే అమ్మాయి ముందు ఎన్ని బండ్లు ఆగుతున్నాయి? పరీక్షలో రాసే జవాబు ఒకటి, రోడ్డు మీద ఇచ్చే జవాబు ఇంకోటి అవుతోంది. 'ఫ్రీ లెఫ్ట్' బోర్డు ఉన్నచోట కూడా నడిచేవాళ్లు దాటాకే మీ వంతు.

పసుపు లైట్ అంటే మన ఊళ్లో 'ఇంకాస్త రేజ్ చెయ్' అని అర్థం. రూల్ ప్రకారం 'ఆగు' అని అర్థం. స్టాప్ లైన్‌కి మరీ దగ్గరకి వచ్చేసి, సేఫ్‌గా ఆగలేని పరిస్థితి ఉంటే మాత్రమే ముందుకు పోవాలి. ఇదెందుకంటే, మీకు పసుపు ఉన్న ఆ రెండు మూడు సెకన్లలో పక్క రోడ్డువాడు క్లచ్ వదలడానికి రెడీగా ఉంటాడు. ఇద్దరూ తొందరపడితే జంక్షన్ మధ్యలో కలుస్తారు.

రౌండబౌట్‌లో అప్పటికే తిరుగుతున్న బండ్లకి మొదటి హక్కు, కొత్తగా వచ్చేవాడు ఆగాలి. ఇరుకు బ్రిడ్జి దగ్గర అవతలివాడు ముందే దిగబోతుంటే మీరు ఇవతలే ఆగాలి. ఓవర్‌టేక్ కుడివైపు నుంచే. ఎదురుగా రోడ్డు కనపడని మలుపులో, ఇరుకు బ్రిడ్జి మీద ఓవర్‌టేక్ వద్దు. వన్ వేలో రివర్స్ గేర్‌లో నడపకూడదు, యూటర్న్ మిస్సయిందని వెనక్కి రావడం కూడా ఇందులోకే వస్తుంది. రాంగ్ రూట్‌లో నూరు మీటర్లు వస్తే కిలోమీటరు కలిసొస్తుందనే లెక్క మనవాళ్లకి బాగా అలవాటు. ఎదురుగా వచ్చేవాడికి ఆ లెక్క తెలియదు, అతను చూసేది మరోవైపు.

అంబులెన్స్, ఫైరింజన్ వస్తే పక్కకి తప్పుకుని దారి ఇవ్వాలి. చట్టంలో దీనికి 2019లో ప్రత్యేకంగా ఒక సెక్షన్ పెట్టారు. దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.10,000 జరిమానా, లేదా రెండూ. ఇంకో మాట. అంబులెన్స్‌కి దారిచ్చాక దాని వెనకే తగులుకుని పోయేవాళ్లుంటారు. అది దారి ఇవ్వడం కాదు, దారి దొంగిలించడం.

ఎవరూ సరిగా చదవని ప్రశ్న

మాక్ టెస్టుల్లో ఒక ప్రశ్న తరచూ వస్తుంది. "మీ బండి వల్ల ఎవరికైనా గాయమైతే ఏం చేస్తారు?" బండిని స్టేషన్‌కి తీసుకెళ్తాం, బండి ఆపి రిపోర్ట్ చేస్తాం, గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూసి 24 గంటల్లో పోలీసులకి చెబుతాం. కరెక్ట్ జవాబు చివరిది. 'పెద్ద ఆన్సర్ కాబట్టి అదే అయ్యుంటుంది' అని టిక్ పెట్టి ముందుకి పోతారు చాలామంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షన్ ఇది. గాయపడిన మనిషికి వైద్యం అందించడానికి చెయ్యగలిగినదంతా చెయ్యాలి, దగ్గర్లోని డాక్టర్ దగ్గరకో హాస్పిటల్‌కో తీసుకెళ్లాలి. జనం మీదకొచ్చి కొట్టేలా ఉంటేనో, మన చేతుల్లో లేని కారణం ఉంటేనో తప్ప దీనికి మినహాయింపు లేదు. పోలీసులు అడిగితే వివరాలు ఇవ్వాలి, అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత తొందరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజెయ్యాలి.

ఇది ముందే చదివి ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఏంటంటే, యాక్సిడెంట్ అయిన క్షణంలో బుర్ర పనిచెయ్యదు. చేతులు వణుకుతాయి. 'వెళ్లిపోదాం' అనే ఆలోచన ఎంత మంచివాళ్లకైనా వస్తుంది. ముందే మనసులో ఖాయం చేసుకున్నవాళ్లే ఆ క్షణంలో బండి ఆపి 108కి ఫోన్ చేస్తారు.

మీ బండి వల్ల కాకుండా దారిలో ఎవరో పడిపోయి కనిపిస్తే? "స్టేషన్ చుట్టూ తిప్పుతారు రా, మనకెందుకు" అనే భయం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. 2019 సవరణ దీనికీ జవాబిచ్చింది. 134ఎ సెక్షన్ ప్రకారం మంచి మనసుతో సాయం చేసినవాళ్లని, వాళ్ల వల్ల పొరపాటు జరిగినా సరే, కేసుల్లో ఇరికించడానికి లేదు. ఇష్టం లేకపోతే పేరూ అడ్రసూ చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇది మీ ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి పెట్టండి.

రైల్వే గేటు ప్రశ్న సంగతి. దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లని 2019 జనవరికల్లా తీసేశారు. అయినా ప్రశ్న సిలబస్‌లో ఉంది కాబట్టి జవాబు తెలిసుండాలి. బండి ఆపాలి, డ్రైవరో పక్కనున్న మనిషో దిగి రెండు వైపులా చూడాలి, రైలు రావట్లేదని తేలాకే దాటాలి. పండక్కి ఊరెళ్లినప్పుడు, వేసి ఉన్న గేటు కింద నుంచి బైక్ వంచి దూర్చేటప్పుడు కూడా ఈ జవాబు గుర్తొస్తే మంచిది.

కాగితాలు, నంబర్ ప్లేట్లు

బండిలో ఉండాల్సినవి లైసెన్స్, ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజీలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న కాపీలు ఒరిజినల్స్‌తో సమానమే. గ్యాలరీలో ఉన్న ఫొటో మాత్రం అలా కాదు, ఈ రెండూ ఒకటనుకోవద్దు.

నంబర్ ప్లేట్ల మీద ఒక ప్రశ్న రావచ్చు. సొంత బండికి తెల్ల ప్లేటు, ట్యాక్సీలకి, గూడ్స్ బండ్లకి పసుపు ప్లేటు, ఎలక్ట్రిక్‌కి ఆకుపచ్చ. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకి తీసుకుని మనమే నడుపుకునే బండి. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర ఒక్క రెడ్ లైట్ పడితే ఈ నాలుగూ కనిపిస్తాయి, ఈ పాఠానికి పుస్తకం అక్కర్లేదు.

పాసయ్యాక అసలు రూల్స్ మొదలు

ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాకే పర్మినెంట్ లైసెన్స్ టెస్టుకి వెళ్లొచ్చు. ఈ మధ్యకాలంలో మీరు 'డ్రైవర్' కాదు, నేర్చుకుంటున్నవారు. మూడో రూల్ ఏం చెబుతోందంటే, పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, అదీ అవసరమైతే బండిని ఆపగలిగేలా. ముందూ వెనకా తెల్లటి చదరం మీద ఎర్ర 'ఎల్' ఉండాలి. ఆ చదరం ఒక్కో వైపు 18 సెంటీమీటర్లు. స్టిక్కర్ ముక్కో, మార్కర్‌తో గీసిన అక్షరమో చాలదు.

బైక్ మీద నేర్పే మనిషిని తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు. ఎల్ఎల్ఆర్ వచ్చిన సాయంత్రమే ఫ్రెండ్‌ని ఎక్కించుకుని గచ్చిబౌలి డీఎల్ఎఫ్ దగ్గర దోసెలకి బయలుదేరితే రూల్ తప్పినట్టే. ఔటర్ రింగ్ రోడ్డు సంగతి మర్చిపోండి, అక్కడ లైసెన్స్ ఉన్నా టూవీలర్‌కి ప్రవేశం లేదు.

"ఎవరు చూస్తార్లే" అనుకునేవాళ్లు ఇన్సూరెన్స్ పాలసీ తెరిచి డ్రైవర్ క్లాజ్ చదవండి. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు నడపొచ్చు, కానీ ఆ మూడో రూల్ పాటిస్తేనే అని అక్కడ రాసి ఉంటుంది. అంటే పక్కన ఎవరూ లేకుండా నాన్న కారు తీసుకెళ్లి గుద్దితే, బంపర్ ఖర్చు గురించి కంపెనీ అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు.

వారం ప్లాన్

మొదటి రెండు రోజులు బోర్డులు, ఆకారాల వారీగా. మూడో రోజు సిగ్నళ్లు, గీతలు, చేతి సంకేతాలు. ఇండికేటర్లు వచ్చాక చేతి సంకేతాలు ఎవరూ వాడట్లేదు గానీ ప్రశ్నలు వస్తాయి. కుడి చెయ్యి బయటికి చాచితే కుడివైపు తిరుగుతున్నట్టు, చాచిన చేతిని పైకీ కిందకీ ఆడిస్తే స్లో చేస్తున్నట్టు, మోచెయ్యి మడిచి నిటారుగా పైకెత్తితే ఆపుతున్నట్టు. నాలుగో రోజు 'ముందు ఎవరు' ప్రశ్నలు. అయిదో రోజు యాక్సిడెంట్, కాగితాలు, మూడో రూల్.

మాక్ టెస్ట్ ఆరో రోజుకి గానీ తెరవకండి. తెరిచాక స్కోర్ కంటే తప్పయిన ప్రశ్నల్ని చూడండి. ప్రతి తప్పునీ ఫోన్ నోట్స్‌లో రాసుకుని, పక్కన 'ఎందుకు' అని ఒక లైను రాయండి. 'బి ఆప్షన్' అని గుర్తుపెట్టుకుంటే పరీక్షలో ఆప్షన్లు అటూ ఇటూ మారతాయి, మీరు దొరికిపోతారు. ఏడో రోజు ఆ నోట్స్ మాత్రమే చదవండి.

ఆఫీసుకి క్యాబ్‌లోనో బస్‌లోనో వెళ్తున్నారా? ఆ అరగంట రీల్స్ ఆపి కిటికీలోంచి బయటికి చూడండి. కనిపించిన ప్రతి బోర్డుకీ మనసులో పేరు పెట్టండి. రాయదుర్గం నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వెళ్లేలోపు మంచి రివిజన్ అయిపోతుంది, ఖర్చు లేకుండా.

ఈ వారం హోంవర్క్

జవాబులు చూడకుండా ఒకసారి ప్రయత్నించండి.

1. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు ఏ వైపు నడవాలి?
2. ఎర్ర లైట్ ఆగకుండా మినుకుమినుకుమంటుంటే ఏం చెయ్యాలి? పసుపు అయితే?
3. కుడివైపు తిరగాలి. ముందుగా బండిని రోడ్డులో ఏ వైపుకి తేవాలి?
4. రాత్రి ఎదురుగా బండి వస్తుంటే హెడ్‌లైట్ ఎలా ఉండాలి?
5. రోడ్డు పక్కన గాయపడిన మనిషిని హాస్పిటల్‌లో చేర్చిన వ్యక్తి తన పేరు చెప్పి తీరాలా?

జవాబులు: 1. కుడివైపు, ఎదురుగా వచ్చే బండ్లు కనపడాలి కాబట్టి. 2. ఎరుపైతే పూర్తిగా ఆపి, రెండు వైపులా చూసుకుని, దారి ఖాళీగా ఉంటే వెళ్లాలి; పసుపైతే స్లో చేసి జాగ్రత్తగా వెళ్లాలి. 3. రోడ్డు మధ్యకి. 4. డిమ్‌లో. 5. అక్కర్లేదు, ఇష్టమైతేనే.

అయిదుకి మూడు వచ్చాయా? ఆర్టీఏ లెక్కలో మీరు పాస్. మిగతా రెండూ ఈ రాత్రికే ఇంకోసారి చదివి పడుకోండి. ట్రాక్ టెస్ట్ గురించి వచ్చే వారం మాట్లాడుకుందాం.